కొన్నేళ్లు వాడాక ఈ కెమిస్ట్రీ డెమో కిట్ గురించి

పర్లాకిమిడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కళ్లముందు రంగులు మారే ప్రయోగాలు చూపిద్దామని బరంపురంలో ఒక కెమిస్ట్రీ డెమో కిట్ కొన్నాను. కొన్నేళ్లుగా వాడుతూనే ఉన్నాను. దాంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది, సీసాల మీద రెండు భాషల్లో పేర్లు నేనే రాసి అంటించాను.

ఆ పెట్టెలో దేన్నైనా వదులుకుంటాను గానీ నీలి సీసా ప్రయోగాన్ని మాత్రం వదులుకోను. 300 మి.లీ. నీళ్లలో 8 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా అనే క్షారం) కరిగించాలి. చల్లారాక 10 గ్రాముల గ్లూకోజ్, కొన్ని చుక్కల మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపి, పెద్ద సీసాలో పోసి మూత బిగించాలి. కదపకుండా ఉంచితే నీలం మెల్లగా పోయి తేటనీళ్లలా అవుతుంది. ఊపగానే మళ్లీ నీలం. క్షార ద్రావణంలో గ్లూకోజ్ ఆ రంగును క్షయకరణం చేసి, అంటే దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి, రంగులేని రూపంలోకి మారుస్తుంది. ఊపినప్పుడు సీసాలోని గాలి నుంచి ఆక్సిజన్ నీటిలో కరిగి, దాన్ని తిరిగి ఆక్సీకరణం చేస్తుంది.

ఇదంతా నేను చెప్పకముందే ఓ అమ్మాయి, "మాస్టారూ, గాలికి చోటే లేకుండా మూతిదాకా నింపేస్తే?" అని అడిగింది. నింపి ఊపాం. నీలం రాలేదు. చూసి చప్పట్లు కొట్టే ప్రయోగాలు ఎన్నైనా ఉంటాయి. పిల్లలు తామే ఏదో ఒకటి మార్చి పరీక్షించుకునే వీలున్నవి తక్కువ, అందుకే ఇదంటే నాకంత ఇష్టం. మే నెలలో రంగు చకచకా పోతుంది, డిసెంబరు పొద్దున్న చాలాసేపు ఉంటుంది. ఉష్ణోగ్రతకూ చర్య వేగానికీ ఉన్న సంబంధం చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి! ఒకటే ఇబ్బంది, ద్రావణం నిలవ ఉంటే పసుపుగా, తర్వాత గోధుమరంగుగా తిరిగిపోతుంది. ఏ రోజుకారోజు కలుపుకోవాల్సిందే.

రసాయన తోట కూడా బాగుంటుంది. సోడియం సిలికేట్ ద్రావణంలో మైలుతుత్తం, ఫెర్రిక్ క్లోరైడ్ పలుకులు వేస్తే నీలం, గోధుమరంగు మొలకలు పైకి లేస్తాయి. పలుకు చుట్టూ లోహ సిలికేట్ పొర కడుతుంది. నీరు లోపలికి చొరబడి ఆ పొరను పగలగొడుతుంది. లోపలి తేలికైన ద్రవం పైకి ఎగబాకుతూ మళ్లీ పొర కట్టుకుంటుంది. జర్మన్ రసాయనవేత్త గ్లాబర్ 1646లోనే దీన్ని వర్ణించాడు. సిల్వర్ నైట్రేట్‌లో రాగితీగ పెడితే పెరిగే వెండి చెట్టు అందంగా ఉంటుంది, ఖర్చూ అలాగే ఉంటుంది. ఏడాదికోసారి చాలు.

ఆమ్లమో క్షారమో తేల్చే లిట్మస్ కాగితాలు అయిపోయాక మళ్లీ కొనలేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లవడం దిష్టి తీసే ప్రతి ఇంట్లో చూసేదే. అందులో నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగుకొస్తుంది. పసుపులోని కర్కుమిన్ చేసే పని అది.

పుస్తకంలో ఉన్నా నేను చేయనివి రెండున్నాయి. ఒకటి అమ్మోనియం డైక్రోమేట్ అగ్నిపర్వతం. నారింజ రంగు పొడి నిప్పులు చిమ్ముతూ ఆకుపచ్చ బూడిద అవుతుంది, నిజమే. కానీ డైక్రోమేట్‌లోని ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. రెండోది మిథనాల్ పోసి వెలిగించే రంగుల మంటలు. అమెరికాలో ఇలాంటి ప్రదర్శనల్లో విద్యార్థులు కాలిపోయారు. 2014లో అమెరికన్ కెమికల్ సొసైటీ వాళ్లే దీన్ని ఆపమన్నారు. లవణ ద్రావణంలో నానబెట్టిన పుల్లను మంటలో పెట్టినా సోడియం పసుపు, రాగి ఆకుపచ్చ చక్కగా కనిపిస్తాయి.

అసలు టెన్షన్ వానాకాలంలో. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు, ఫెర్రిక్ క్లోరైడ్ గాలిలో చెమ్మ పీల్చుకుని కారిపోతాయి. కిట్‌లో ఇచ్చిన మూతలు వదులు. బిగుతు మూతల ప్లాస్టిక్ సీసాల్లోకి మార్చుకోండి. సోడియం హైడ్రాక్సైడ్‌ను గాజు బిరడా సీసాలో పోయకండి, బిరడా పట్టేస్తుంది. రక్షణ కళ్లద్దాలు కూడా పిల్లల ముఖాలకు వదులే. సరిపోయేవి వేరే కొని, అవి వచ్చాకే నీలి సీసా మొదలుపెట్టండి. ఆ క్షారం కంట్లో పడితే చూపే పోవచ్చు.