పర్లాకిమిడి నుంచి గోపాల్‌పూర్ దాకా: ఓటుకి ముందు నాలుగు రోజులు

నా ఉద్యోగం విశాఖలో, ఓటు పర్లాకిమిడిలో. 2024 మే 13న ఆంధ్రాకీ, మా దక్షిణ ఒడిశాకీ ఒకే రోజు పోలింగ్ పడింది. ఎలాగూ సెలవు తప్పదు కదా అని నాలుగు రోజులు ముందే బయల్దేరి, పలాసలో మా బావని కలుపుకున్నాను. బావకి జీడిపప్పు వ్యాపారం, ఒక పాత కారు, సైకిలా ఫ్యానా అన్న వాదన ఎక్కడ మొదలైనా రెండు గంటలు లాగే ఓపిక ఉన్నాయి. ముందు అమ్మని చూడాలి, తర్వాత గజపతి జిల్లా కొండలెక్కి, బరంపురం, గోపాల్‌పూర్ తిరిగి, పోలింగ్ నాటికి మళ్లీ ఇల్లు చేరాలి. అదీ ప్లాను.

విశాఖ నుంచి పలాసకి రైల్లో నిలబడే వచ్చాను. హైదరాబాద్ నుంచి ఓటు వేయడానికి వస్తున్న కుర్రాళ్లతో పెట్టెలన్నీ కిటకిటలాడాయి. మామూలు రోజుల్లో అయితే మా ఊరికి విశాఖ–గుణుపూర్ ప్యాసింజరు చాలా నయం. నిదానంగా వెళుతుంది గానీ, నేరుగా పర్లాకిమిడిలో దింపుతుంది. నౌపడా నుంచి ఒకప్పుడు చిన్న రైలు నడిచిన దారి అది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది. మా చిన్నప్పటి పొగ లేదు, ఆ ఊపూ లేదు.

పాతపట్నం దాటి సరిహద్దు దగ్గర కారు ఆపారు. ఎన్నికల తనిఖీ బృందం, ఒకతని చేతిలో వీడియో కెమెరా. డబ్బు 50,000 దాటితే లెక్క చూపాలని నాకు తెలుసు కాబట్టి జేబులో అంత ఉంచుకోలేదు. అంత ఉండదు కూడాననుకోండి. డిక్కీ తీశాక కథ మొదలైంది. ఒకే సైజు కిలో ప్యాకెట్లు, పన్నెండు. అధికారి వాటిని బయట బెంచీ మీద వరసగా పేర్పించి, ఒక్కొక్కటీ ఎత్తి కెమెరాకి చూపించి, ఒడియాలో అడిగాడు, ఓటర్లకి పంచడానికా అని. నేను ఒడియాలో కాదన్నాను. బావ ఆగలేక తెలుగులో అందుకున్నాడు: "మా అత్తకండీ బాబూ!"

"అత్తకి పన్నెండు కేజీలా?" అన్నాడు పక్కనున్న కానిస్టేబులు, మాకంటే చక్కటి తెలుగులో. వాళ్లది కాశీనగరం అట. ఒక ప్యాకెట్ విప్పి వాసన చూసి, "గుండు పప్పేనా, బద్దలా?" అని బావనడిగాడు. బిల్లు చూపించాక వదిలారు. బిల్లు బావ కొట్టుదే, రాసుకున్నదీ బావే. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పర్లాకిమిడిలో రాత్రి బసకి లాడ్జి సలహా నన్నడగొద్దు, మాకు ఇల్లుంది. ఊళ్లో చూడాల్సింది రాజావారి కోట, కొనాల్సింది కొమ్ము బొమ్మలు. గేదె కొమ్ముని సానబట్టి చేసిన కొంగలూ రొయ్యలూ నల్లగా నిగనిగలాడుతుంటాయి. చెప్పిన ధరకి మూడో వంతు తగ్గించి అడగండి, సగానికి అడిగితే కోప్పడతారు. కోట ముందు నిలబడితే నాకు ఎప్పుడూ ఒక చిక్కు గుర్తొస్తుంది. ఇక్కడి రాజా కృష్ణచంద్ర గజపతి ప్రత్యేక ఒడిశా కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్లొచ్చారు. ఇదే ఊళ్లో పిల్లలకి పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిని ఒడిశాలో కలపొద్దన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వచ్చింది, గిడుగు వారు ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు వెళ్లలేదు. వెళ్లకపోవడానికి సిద్ధాంతమేమీ లేదు, రెండెకరాల పొలం ఉంది, అంతే.

సాయంత్రం టీ కొట్టు దగ్గర నలుగురం చేరితే ముగ్గురం తెలుగువాళ్లం. అరగంట సేపు మాట్లాడుకున్నది ఉండవల్లి, తాడేపల్లి, పిఠాపురం గురించి. మా సీటులో ఎవరు నిలబడ్డారో, మా వార్డులో నీళ్లెప్పుడు వస్తాయో ఒక్కరం ఎత్తలేదు. నాలుగో ఆయన ఒడియా. అంతా విని టీ గ్లాసు కింద పెట్టి, "మీ ఓటు ఆ పక్కనా, ఈ పక్కనా?" అన్నాడు. వేళాకోళమే. కానీ ఆ సంవత్సరం అలాంటి వేళాకోళం కాస్త గుచ్చుకునేది. ప్రచారమంతా ఒడియా అస్మిత, అంటే ఒడియా ఆత్మగౌరవం చుట్టూ, బయటివాడు ఏలొచ్చా అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. ఆ మాటలు మా గురించి కావు, వి.కె. పాండియన్ గురించి. తమిళనాడులో పుట్టి, ఒడిశాలో ఐఏఎస్‌గా పనిచేసి, ఒకప్పుడు గంజాం కలెక్టరుగా ఉండి, 2023లో ఉద్యోగం వదిలి, అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ పార్టీ బీజేడీలో చేరిన మనిషి. ఆయన చేతిలోకి అంత అధికారం వెళ్లడం నాకూ నచ్చలేదు, ఎందుకంటే ఎవరూ ఓటేసి గెలిపించని మనిషి ఆయన. కానీ మైకులో వినబడే కారణం అది కాదు. అందుకని నేను ఎవరి పక్కన నిలబడి తల ఊపాలో నాకు తెలియలేదు.

మర్నాడు అక్షయ తృతీయ. మా అక్క పలాసలో బంగారం కొట్టు ముందు క్యూలో ఉండగా, మేము పోతున్న దారిలో రైతులు పొలం గట్టున దీపం పెట్టి తొలి విత్తనం చల్లుతున్నారు. ఒడియా వాళ్లకి ఈ రోజు దుక్కి పండగ. ఘాట్ దారిలో చంద్రగిరికి మూడు గంటలు పట్టింది. రోడ్డు చాలావరకు బాగుంది, మలుపుల్లో మాత్రం మా బావ రాజకీయం ఆపాడు.

ఈ ప్రయాణం మొత్తంలో మళ్లీ వెళ్లాలనిపించే చోటు చంద్రగిరే. 1963లో వచ్చి స్థిరపడిన టిబెటన్లు, చుట్టూ వాళ్ల మొక్కజొన్న చేలు, 2010లో దలైలామా ప్రారంభించిన జీరంగ్ బౌద్ధ విహారం. మే నెలలోనూ సాయంత్రమయ్యేసరికి చల్లగాలి తగిలింది. విహారం దగ్గర అతిథిగృహంలో గది దొరికింది. మంచం, ఫ్యాను, ఉతికిన దుప్పటి, అంతకుమించి ఏమీ లేదు, అక్కర్లేదు కూడా. తుక్పా అనే నూడుల్స్ పులుసు పెద్ద గిన్నెతో పెట్టారు. బావ దాంట్లో ఆవకాయ కలుపుకున్నాడు. హోటలావిడ చూసి ఏమీ అనలేదు, తనూ ఒక ముక్క అడిగి తీసుకుంది. ఆవిడకి ఒడియా మాకంటే బాగా వచ్చు. ఓటుందా అని అడిగితే ఉందంది. ఇక్కడే పుట్టిన టిబెటన్లలో, 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు పుట్టినవాళ్లని జాబితాలో చేర్చుకోమని 2014లో ఎన్నికల సంఘం చెప్పింది. వాళ్ల ఇంట్లో పెద్దావిడ మాత్రం వద్దందట, ఓటరైతే టిబెట్ ఆశ వదులుకున్నట్టేనని. బావ ఆ రాత్రి ఫోన్‌లో చర్చల వీడియోలు పెట్టలేదు. సిగ్నల్ లేక అయ్యుండొచ్చు.

తప్తపాణి గురించి ఎక్కువ రాయను. నడి ఎండాకాలంలో వేడినీటి బుగ్గకి వెళ్లిన మాదే తప్పు. గంధకం వాసన, చెట్ల నీడ బాగున్నాయి. డిసెంబరులో వెళ్లండి.

పదకొండో తారీకు సాయంత్రం ప్రచారం ముగిసింది, సరిగ్గా అప్పుడే మేము బరంపురంలో దిగాం. రెండు ఓట్లూ బీజేడీ శంఖం గుర్తుకే వేయమని "జోడి శంఖ" అంటూ అరిచి అరిచి ఊరి గొంతు పోయినట్టుంది, ఒక్కసారిగా ఆటోల హారన్లు తప్ప ఏమీ వినబడలేదు. ముందే డబ్బు కట్టిన లాడ్జిలో మా గది పార్టీవాళ్లకి ఇచ్చేశామన్నారు. గంట గొడవపడితే మెట్ల కింద ఒక గది ఇచ్చి, రేటు మాత్రం ఏసీదే వేశారు. ఏసీ ఉంది, పనిచేయదు. బాత్రూమ్ తలుపుకి గడియ బదులు తాడు. ఎన్నికల వారంలో బరంపురంలో బస చేయాల్సొస్తే ముందురోజు ఫోన్ చేసి గది నంబరుతో సహా ఖాయం చేసుకోండి. తిండికి లోటు లేదు. పొద్దున్నే రోడ్డు పక్కన బఠానీ ఘుగునిలో ముంచిన బరా తింటే లాడ్జి మీద కోపం సగం తగ్గింది. పట్టు కొట్లలో తెలుగులోనే బేరం ఆడుకోవచ్చు, నేసేవాళ్లలో మనవాళ్లు బోలెడుమంది.

దిగిన రాత్రే పదకొండింటికి తలుపు కొట్టారు. పోలీసులు. ప్రచారం ముగిశాక ఆ నియోజకవర్గంలో ఓటు లేని పార్టీ మనుషులు ఉండకూడదు, లాడ్జిలన్నీ వెతుకుతున్నారు. మా తెలుగు విని ఇద్దర్నీ అనుమానంగా చూసి, ఇల్లెక్కడన్నాడు వాళ్లలో ఒకాయన. ఓటరు కార్డు తీసిచ్చాను. పర్లాకిమిడి అసెంబ్లీ బరంపురం లోక్‌సభ సీటులోనే ఉంది. టార్చి వెలుగులో కార్డు అటూ ఇటూ తిప్పి, "మీరు ఇక్కడివాళ్లే" అని చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు బళ్లో తెలెంగా, అంటే తెలుగోడు, అని పిలిపించుకున్న నాకు ఆ మాట ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి, అదీ ఖాకీలో. బావ పలాస కార్డు చూసి మాత్రం పది ప్రశ్నలు వేశారు. మిగిలిన జీడిపప్పు ప్యాకెట్ చూపించి బయటపడ్డాడు. తలుపేశాక, "అయితే బయటోణ్ని నేనన్నమాటేటి!" అని మంచం మీద కూలబడ్డాడు. వి.వి. గిరి గారు పుట్టింది ఈ ఊళ్లోనేననీ, 1996లో పి.వి. నరసింహారావు గారు నంద్యాలా బరంపురం రెండూ గెలిచి, నంద్యాల వదిలి దీన్నే ఉంచుకున్నారనీ చెప్పాను. "ఆరికి ఏసీ పనిసేసుంటదిలే" అన్నాడు.

గోపాల్‌పూర్‌లో ఒక పూటే ఉన్నాం. లైట్‌హౌసు, పాత రేవు గోడలు, జనం లేని తీరం. విశాఖ బీచ్ చూసిన కళ్లకి హాయిగా ఉంటుంది. కెరటాలు లోపలికి లాగుతాయి, పిల్లలతో వెళితే జాగ్రత్త. ఇచ్ఛాపురం మీదుగా హైవే ఎక్కి బావని పలాసలో దింపి, బస్సులో ఇల్లు చేరేసరికి రాత్రయింది.

పదమూడున పొద్దున్నే అమ్మతో బూత్‌కి వెళ్లాను. అమ్మకి ఒడియా అక్షరాలు రావు, గుర్తు చూసి నొక్కుతుంది. రెండు యంత్రాలు, ముందు పార్లమెంటుది, తర్వాత అసెంబ్లీది. రెండోదాని దగ్గర చాలాసేపు నిలబడింది. ఏమైందని తర్వాత అడిగితే, "గాజులో చీటీ పడిందా లేదా చూశాను, ఏడు సెకన్లేనట కదా" అంది. జూన్ 4న ఒడిశాలో 147 సీట్లలో బీజేపీకి 78, బీజేడీకి 51 వచ్చి, నవీన్ పట్నాయక్ 24 ఏళ్ల పాలన ముగిసినప్పుడు, నువ్వెవరికి వేశావమ్మా అని అడిగాను. చెప్పలేదు.

ఆ రోజు బూత్ నుంచి వచ్చి టీవీ పెట్టాం. పల్నాడు, మాచర్ల, తాడిపత్రి గొడవలు. మధ్యాహ్నం దాకా అవే. అమ్మ చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ, వేలి మీది సిరా ఆరిందా అని చూసుకుంటూ, "మన ఊరు చూపించరేట్రా?" అంది. నేను ఒడియా ఛానల్ పెట్టాను. కాసేపు చూసి, "దీంట్లో ఏటంటన్నారో నువ్వు చెప్పు" అంది.