కాటా గదిలో జంట ఎఫ్‌ల ఫైలు: పన్నెండేళ్లకు పైగా వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ లైబ్రరీ (విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడిచే ప్రోగ్రాములు ఒకే కోడుతో రాయడానికి వాడే రెడీమేడ్ సరుకు) మొత్తానికి రివ్యూ కాదు. అందులో ఫైళ్లు చదవడానికీ రాయడానికీ ఉన్న ఒక చిన్న క్లాసు (ఒక పనికి కావాల్సిన ఫంక్షన్ల కట్ట) గురించే. పేరు డబ్ల్యూఎక్స్‌ఎఫ్‌ఫైల్, రెండు ఎఫ్‌లతో. పక్కనే ఒకే ఎఫ్‌తో డబ్ల్యూఎక్స్‌ఫైల్ అని ఇంకోటి ఉంది. ఫోన్లో ఎవరికైనా చెప్పాలంటే నాలుక మడతపడుతుంది కాబట్టి నేను వీటిని జంట ఎఫ్, ఒంటి ఎఫ్ అంటాను. ఒక ఎఫ్ ఎక్కువైతే ఏమొస్తుంది? మధ్యలో బఫర్ వస్తుంది, అంటే డేటాను కాసేపు పోగుచేసి ఉంచే మెమరీ. ఆ బఫర్ వల్ల నాకు కలిగిన సుఖమూ, అది పెట్టిన తిప్పలూ ఇక్కడ రాస్తున్నా.

నేను చేసేది వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్. లారీ కాటా ఎక్కుతుంది, బరువు చూపించే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్లో బరువు వస్తుంది, లోడు బరువులోంచి ఖాళీ బరువు తీసేసి చీటీ ప్రింటవుతుంది. నా టేబుల్ మీద లినక్స్, కాటా గదుల్లో విండోస్, ఒకరిద్దరు ఓనర్ల ఇళ్లలో మ్యాక్. మూడింటికీ ఒకే సోర్సు కోడు ఉండాలన్న పంతంతో 2012లో ఈ లైబ్రరీ పట్టుకున్నా. అప్పుడు దాని 2.8 వెర్షన్ నడుస్తోంది, 2013 చివర్లో 3.0 వచ్చింది, 2022లో 3.2. 1992లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన సరుకు ఇది. ఫైల్‌జిల్లా, కోడ్‌బ్లాక్స్, కైక్యాడ్ లాంటి పేరున్న ప్రోగ్రాములు దీని మీదే నడుస్తున్నాయి కాబట్టి రేపో మాపో మూతపడుతుందన్న బెంగ లేదు.

జంట ఎఫ్ లోపల పెద్ద మాయేమీ లేదు. సీ భాషలో మనందరం నేర్చుకున్న ఎఫ్‌ఓపెన్, ఎఫ్‌రీడ్, ఎఫ్‌రైట్‌లకే తొడిగిన చొక్కా. ఒంటి ఎఫ్ అయితే నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ గుమ్మం ముందు నిలబడుతుంది, మనం రాయమన్న ప్రతిసారీ తలుపు కొడుతుంది. జంట ఎఫ్ అలా కాదు. ఇసుకను గంపకో ట్రిప్పు లెక్కన కాకుండా ట్రాక్టరు నిండాక తోలినట్టు, మెమరీలో పోగుచేసి ఒక్కసారే పంపుతుంది. నా రికార్డు సైజు 40 బైట్లు. పాత డేటా మార్చేటప్పుడు పది లక్షల రికార్డులు రాయాల్సి వచ్చింది. ఒంటి ఎఫ్‌తో అయితే పది లక్షల సార్లు తలుపు కొట్టడమే. 4,096 బైట్ల బఫర్ ఉంటే పదివేల సార్లు కూడా అక్కర్లేదు. ఆ పని వరకు దీనికి దండం పెట్టాను, ఇప్పటికీ పెడతాను.

అదే బఫర్ నా పరువు తీసింది కూడా. మొదటి వెర్షన్లో రోజంతా ఒకే ఫైలు తెరిచి ఉంచేవాణ్ణి. పొద్దున అపెండ్ (చివర్లో చేర్చే) మోడ్‌లో తెరవడం, ప్రతి కాటాకీ ఒక రికార్డు రాయడం, రాత్రి ప్రోగ్రామ్ మూసినప్పుడు ఫైలు మూయడం. రైట్ ఫంక్షన్ ప్రతిసారీ నిజం అనే తిరిగిచ్చేది, నేనూ నిశ్చింతగా చీటీ ప్రింట్ చేసేవాణ్ణి. ఒక సాయంత్రం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది. మళ్లీ వచ్చాక చూస్తే ఆ రోజు కాటాలు ఒక్కటి కూడా ఫైల్లో లేవు. పొద్దుటి నుంచి అరవై బండ్లు తూగాయి. లెక్క వేస్తే విషయం తెలిసింది. 4,096 బైట్ల బఫర్లో 40 బైట్ల రికార్డులు నూటరెండు పడతాయి. అరవై బండ్ల కాటాకి ఆ ట్రాక్టరు ఏ రోజూ నిండదు! అంటే ఆ కాటా గదిలో నెలల తరబడి ప్రతిరోజూ లెక్కంతా రాత్రి వరకు మెమరీలోనే వేలాడుతూ ఉండేది. కార్బన్ కాపీలు ముందేసుకుని ఆ కాటా గది గుమాస్తా, నేను రాత్రి పదకొండింటి దాకా ఎక్కించాం. ‘మీ కంప్యూటర్ కన్నా నా పుస్తకమే నయం సార్’ అన్నాడు. ఏం జవాబు చెప్తాం.

మర్నాడే ప్రతి రికార్డు తర్వాత ఫ్లష్ (బఫర్లో ఉన్నది అప్పటికప్పుడు బయటికి పంపించడం) పెట్టాను. రోగం కుదిరింది అనుకున్నా. రెండు నెలలకి మళ్లీ కరెంటు పోయింది, ఈసారి చివరి రెండు మూడు రికార్డులు లేవు. ఇక్కడే ఈ క్లాసు మీద నాకున్న అసలు ఫిర్యాదు. జంట ఎఫ్‌లో ఫ్లష్ అంటే ఎఫ్‌ఫ్లష్ మాత్రమే. మన బఫర్లోంచి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి ఇస్తుంది, అంతటితో దాని బాధ్యత తీరిపోయింది. అది డిస్కు మీద ఎప్పుడు పడుతుందన్నది సిస్టమ్ ఇష్టం. ఒంటి ఎఫ్‌లోనూ ఫ్లష్ అనే పేరుతోనే ఫంక్షన్ ఉంది, కానీ అది ఎఫ్‌సింక్ చేసి డిస్కు దాకా తోస్తుంది. ఒకే లైబ్రరీలో అక్కాచెల్లెళ్లలాంటి రెండు క్లాసులు, ఒకే పేరున్న ఫంక్షన్, అర్థాలు మాత్రం వేరు. జంట ఎఫ్‌తోనే ఆ పని కావాలంటే లోపలి ఫైల్ పాయింటర్ బయటికి తీసుకుని లినక్స్‌లో ఎఫ్‌సింక్, విండోస్‌లో కమిట్ అని మనమే పిలవాలి. మ్యాక్‌లో ఎఫ్‌సింక్ కూడా డ్రైవ్ లోపలి క్యాష్ దగ్గర ఆగిపోవచ్చు, దానికి ఫుల్‌ఎఫ్‌సింక్ అని ప్రత్యేకంగా అడగాలి. ఒకే కోడు మూడింటికీ అన్న పంతం అక్కడ చిన్నబోయింది. చివరికి రోజువారీ కాటా ఫైలుకి జంట ఎఫ్ తీసేసి ఒంటి ఎఫ్ పెట్టేశా. రోజుకి అరవై రికార్డులకి బఫర్ దేనికసలు?

ఇక 6,700 కిలోల లారీ సంగతి. ఒక మిల్లు నుంచి ఫోను: నెల రిపోర్టులో పన్నెండో తారీకు తర్వాత ఏమీ రావట్లేదు. ఫైలు తెప్పించుకుని నా లినక్స్‌లో తెరిస్తే నెల మొత్తం ఉంది. వాళ్ల విండోస్‌లో ఫైలు సైజు సరిగ్గానే చూపిస్తోంది, చదవడం మాత్రం పన్నెండో తారీకు దగ్గర ఆగిపోతోంది. ఎర్రర్ అని అడిగితే లేదంటుంది, ఫైలు అయిపోయిందా అంటే అయిపోయిందంటుంది. రెండు రాత్రుళ్లు పోయాయి. ఆగిన చోట బైట్లు ఒక్కొక్కటీ చూశాను. అక్కడ ఒక లారీ ఖాళీ బరువు 6,700 కిలోలు. బరువును నాలుగు బైట్లలో చిన్న బైటు ముందు వచ్చేలా రాస్తాను. 6,700 అంటే 26 ఇంటూ 256, ప్లస్ 44. అంటే మొదటి బైటు 44, రెండోది 26. ఆ 26 అనేది పాత డాస్ రోజుల కంట్రోల్ జడ్. విండోస్‌లో ఫైలును టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే 26 కనిపించగానే ‘ఇక్కడితో ఫైలు సమాప్తం’ అనుకుంటుంది. రాసేటప్పుడు బుద్ధిగా బైనరీ (బైట్లను ఉన్నవి ఉన్నట్టే తీసుకునే) మోడ్ ఇచ్చాను. చదివేటప్పుడు మోడ్ ఏమీ ఇవ్వకుండా వదిలేశాను, అప్పుడు ఈ క్లాసు టెక్స్ట్ మోడ్ అయిన ఉత్త ‘ఆర్’ తీసుకుంటుంది, ‘ఆర్‌బీ’ కాదు. 6,656 నుంచి 6,911 కిలోల మధ్య ఏ బండి తూగినా ఇదే గతి. అంతవరకు ఆ మిల్లుకి అలాంటి బండి రాలేదు, అంతే తేడా. బైనరీ ఫైళ్లకి విండోస్‌లో ‘ఆర్‌బీ’ వాడమని డాక్యుమెంటేషన్లో రాసే ఉంది. చదవకపోవడం నా తప్పే. కానీ ఒంటి ఎఫ్ ఎప్పుడూ బైనరీగానే తెరుస్తుంది కదా, దీనికి మాత్రం ఈ పాత అలవాటు ఎందుకు మిగిల్చారో అని ఇప్పటికీ గొణుక్కుంటూ ఉంటా.

ఫైలు అయిపోయిందా అని అడగడంలోనూ ఇద్దరిదీ చెరో దారి. ఒంటి ఎఫ్ చివరి బైటు చదవగానే అయిపోయింది అంటుంది. జంట ఎఫ్ దాన్ని దాటి ఇంకోసారి చదవబోయి చెయ్యి ఖాళీగా వచ్చాకే చెప్తుంది. ఒంటి ఎఫ్ తీసి జంట ఎఫ్ పెట్టి, లూపు అలాగే వదిలేస్తే చివరి రికార్డు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. నాకు వచ్చింది.

పొడవు అడిగే లెంగ్త్ ఫంక్షన్‌తో జాగ్రత్త. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, లోపల ఫైలు చివరికి వెళ్లి, ఎక్కడున్నానో చూసుకుని, మళ్లీ వెనక్కి వస్తుంది. ఒకసారి దిగుమతి పనికి ప్రోగ్రెస్ బార్ పెట్టి, ప్రతి వరుసకీ లెంగ్త్ పిలిచాను. పోగుచేసుకున్న బఫర్ని ప్రతిసారీ పారబోసి మళ్లీ నింపుకోవడమే దాని పనైపోయింది. ఆ బటన్ నొక్కి టీ తాగి వచ్చేవాళ్లట పాపం. ముందే ఒకసారి అడిగి వేరియబుల్లో పెట్టుకుంటే రెప్పపాటులో అయింది.

మూసేటప్పుడు క్లోజ్ మనమే పిలవాలి, అది ఏం తిరిగిచ్చిందో చూడాలి. పని అయ్యాక దానంతట అదే నడిచే డిస్ట్రక్టర్ మూస్తుందిలే అని వదిలేస్తే, పెన్‌డ్రైవ్ నిండిపోయిన సంగతి ప్రోగ్రామ్‌కి తెలియకుండా లాగ్‌లోకి పోతుంది. బఫర్లోకి వెళ్లినదానికి రైట్ ఎప్పుడో సరే అనేసి ఉంటుంది, చోటు లేదన్న కబురు చివర్లో గానీ రాదు.

ఇంత తిట్టినా వదలకపోవడానికి కారణం తెలుగు. విండోస్‌లో తెలుగుకి ఫైలు పేర్ల పనికి వాడే పాతకాలపు కోడ్ పేజీ (ఒక భాష అక్షరాలకి నంబర్లిచ్చే పట్టిక) అంటూ లేదు, పుట్టిందే యూనికోడ్‌లో. మామూలు ఎఫ్‌ఓపెన్‌కి ‘ధాన్యం పద్దు’ అన్న ఫైలు పేరు ఇస్తే అన్నీ ప్రశ్నార్థకాలై తెరుచుకోదు. జంట ఎఫ్ అక్కడ లోపల యూనికోడ్ ఫంక్షన్ పిలుస్తుంది, పేరు తెలుగులో ఉన్నా సణుగుడు లేకుండా తెరుస్తుంది. అప్పట్లో సీ ప్లస్ ప్లస్ సొంత ఫైల్ స్ట్రీములకి ఈ సౌకర్యం మైక్రోసాఫ్ట్ కంపైలర్లో తప్ప ఉండేది కాదు, 2017 ప్రమాణం వచ్చాక గానీ అందరికీ దొరకలేదు. రీడ్‌ఆల్ అని ఒక్క మాటతో ఫైలంతా స్ట్రింగులోకి తెచ్చుకోవచ్చు, యూటీఎఫ్‌ 8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అయితే ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఆ రీడ్‌ఆల్ వదిలేసి సొంత తెలివి చూపిస్తేనే తంటా. ఊళ్ల పేర్ల ఫైలును 4,096 బైట్ల ముక్కలుగా చదివి, ఏ ముక్కకి ఆ ముక్క స్ట్రింగుగా మార్చాను. యూటీఎఫ్‌ 8లో తెలుగు కోడు ఒక్కోటి మూడు బైట్లు. 4,096ని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఉత్త తెలుగే ఉన్న ఫైలైతే మొదటి ముక్క చివర్లోనే ఒక అక్షరం తెగుతుంది. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి బాగుందని పంపించాను, వాళ్ల లిస్టులో ఊళ్లు మాయం.

మ్యాక్ ముచ్చట ఒకటుంది గానీ అది ఈ క్లాసు నేరం కాదు. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ (యాపిల్ పాత డిస్కు ఫార్మాట్) డిస్కుల్లో ఫైలు పేర్లను విడగొట్టి దాస్తారు. తెలుగులో అలా విడిపోయేది ఐత్వం ఒక్కటే: ఎత్వం గుర్తు ఒకటి, కింద పడే గుర్తు ఇంకొకటి. ‘పైకం’ అని సేవ్ చేసి ఫోల్డర్ లిస్టు తెచ్చి పోల్చితే రెండూ వేరువేరు అంటుంది. తెరవమంటే మాత్రం తెరుస్తుంది. ఆ రోజు నా కళ్ల మీద నాకే అనుమానం వచ్చింది.

ఇప్పుడు నా వాడకం ఇలా ఉంది: రిపోర్టులు, దిగుమతులు, ఎగుమతులు జంట ఎఫ్‌తో. రోజువారీ కాటాలు ఒంటి ఎఫ్‌తో. సెట్టింగుల ఫైలుకి రెండూ కాదు, పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి కమిట్ చేసినప్పుడే పాతదాని స్థానంలో పెట్టే డబ్ల్యూఎక్స్‌టెంప్‌ఫైల్. దాని మీద ఇంతవరకు ఒక్క ఫోను రాలేదు.

పోయిన వారం సోర్సు మొత్తం వెతికితే ఉత్త ‘ఆర్’తో తెరిచిన చోట్లు ఇంకా మూడు దొరికాయి. రెండు టెక్స్ట్ ఫైళ్లే, వదిలేశా. మూడోది పాత సంవత్సరాల ఆర్కైవ్ చదివేది. ఎనిమిదేళ్లుగా అలాగే ఉంది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ ఆర్కైవుల్లో 6,700 కిలోల బండి ఉందో లేదో చూద్దామని ‘ఆర్‌బీ’ పెట్టి నడిపించాను. నాలుగున్నాయి.