ఏనుగు దిగిన సత్రం, మేం దిగిన అపార్టుమెంటు

ఇటలీ ఉత్తర కొసన, సౌత్ టిరోల్ అనే ప్రాంతంలో ఉన్న బ్రిక్సెన్‌లో బస చూసుకునేవాళ్లకి ముందే చెప్తున్నా: పాత ఊళ్లో గది దొరికితేనే వెళ్లండి. "సెంటర్‌కి ఐదు నిమిషాలు" అని రాసుకున్న అపార్టుమెంట్ల జోలికి పోకండి. ఆ ఐదు నిమిషాలు కారుకి, మనిషికి కాదు.

మ్యూనిక్ నుంచి వెరోనా వెళ్లే రైలు ఆల్ప్స్ కొండల్లోని బ్రెన్నర్ కనుమ దాటి బ్రిక్సెన్‌లో ఆగుతుంది. ముందే కొన్నాం కాబట్టి తలకి 29.90 యూరోలే పడింది. ప్రయాణానికి వంక పెట్టడానికేం లేదు.

అపార్టుమెంటు రాత్రికి 138. క్లీనింగ్ పేరుతో ఇంకో 65. చేరాక దుప్పట్లకీ తువ్వాళ్లకీ తలకి 12 చొప్పున నలుగురికి 48 అన్నారు. తాళం పెట్టె కోడ్ పంపలేదు, ఫోన్ ఎత్తలేదు. గంటకు పైగా చలిలో మెట్ల మీద కూర్చున్నాం. తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యకి అసలే మోకాళ్ల నొప్పులు. లోపలికెళ్తే హీటర్ ఎంత తిప్పినా గోరువెచ్చగానే ఉంది. ప్రకటనలో గెస్ట్ పాస్ ఇస్తామని ఉంది. అది చేతిలో ఉంటే సౌత్ టిరోల్‌లో బస్సులూ లోకల్ రైళ్లూ ఉచితం. అడిగితే "ఈ నెల ఇవ్వట్లేదు" అని ఒక్క ముక్క మెసేజ్. "మన సత్రాల్లో చాపైనా పరుస్తారు కదే," అంది అత్తయ్య. మా ఆయన రాత్రంతా నాతో మాట్లాడలేదు, బుక్ చేసింది ఆయనే అయినా!

ఆ మంట మీదే మర్నాడు ఏనుగు సత్రం చూశాం. ఇప్పుడది హోటల్ ఎలిఫెంట్. గోడ మీద పెద్ద ఏనుగు బొమ్మ ఉంటుంది. 1551లో కాబోయే పవిత్ర రోమన్ చక్రవర్తి మాక్సిమిలియన్ స్పెయిన్ నుంచి వియన్నాకి తిరిగి వెళ్తూ సులేమాన్ అనే ఏనుగుని వెంట తెచ్చాడు. పోర్చుగల్ రాజు మూడో జాన్ ఇచ్చిన కానుక అది. జెనోవా దాకా ఓడలో, అక్కడి నుంచి కాలినడకన. క్రిస్మస్ రోజులకి బ్రిక్సెన్ చేరింది. ముందు మంచులో బ్రెన్నర్ ఎక్కాలి, 1,370 మీటర్ల ఎత్తు. అందుకే ఇక్కడ సుమారు రెండు వారాలు ఆగింది. దాన్ని ఉంచినది ఆండ్రే పోష్ అనే ఆయన సత్రంలో. అప్పుడు దాని పేరు "ఎత్తు పొలం దగ్గరి సత్రం".

పోష్ బుర్ర చూడండి. ఏనుగు వెళ్లిపోయాక లెన్‌హార్ట్ మైర్ అనే చిత్రకారుణ్ని పిలిపించి గోడ మీద దాని బొమ్మ వేయించాడు, సత్రం పేరే మార్చేశాడు. నాలుగున్నర శతాబ్దాలు దాటినా జనం ఆ బొమ్మ కోసం వస్తున్నారు. ఇటలీకీ జర్మన్ ఊళ్లకీ మధ్య సరుకు బళ్లు ఈ కనుమ మీదే తిరిగేవి. దారి పక్క సత్రం ఉన్నవాడికి పడక, ద్రాక్షసారా, కొట్టం, దాణా అన్నీ డబ్బే. ఇంటిల్లిపాదీ పని చేస్తేనే సాగేది. వంటిల్లూ పనివాళ్లూ ఇల్లాలి చేతిలో ఉండేవి, మొగుడు పోతే సత్రాన్ని ఆమే నడిపేది. 1580లో ఈ దారిన వెళ్లిన ఫ్రెంచి రచయిత మాంటేన్ టిరోల్ బసల్ని మెచ్చుకున్నాడు. ఆయనకి తాళం పెట్టె కోడ్ అవసరం పడలేదు మరి.

ఆ హోటల్లో గది మా బడ్జెట్‌కి అందదు. బొమ్మ చూడ్డానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

కెథీడ్రల్ పక్కనున్న వసారా చిత్రాలు తప్పకుండా చూడండి, అదీ ఉచితమే. సులేమాన్ రాకముందు, పదిహేనో శతాబ్దంలో, ఇక్కడివాళ్లు ఊహించి వేసిన ఏనుగు ఒకటుంది. ఒళ్లు గుర్రానిది, ముక్కు బాకా! మావయ్య దాని ముందు పావుగంట నిలబడి నవ్వుతూనే ఉన్నారు. అదయ్యాక బిషప్పుల కోటకి టికెట్ కొందామంటే అత్తయ్యా మావయ్యా మేం రాలేమన్నారు. నేనూ మా ఆయనే వెళ్లాం, లోపలి ముంగిట్లో వరసగా నిలబెట్టిన మట్టి విగ్రహాలు బాగున్నాయి, మిగతా గదుల్లో తొందరపడ్డాం.

భోజనం దగ్గర మేం భయపడింది అత్తయ్య గురించే. గుడ్డు కూడా ముట్టదు. వీధి చివర చిన్న హోటల్లో వడ్డించే పెద్దావిడ ఓపిగ్గా విని, వంటింట్లోకెళ్లి కనుక్కుని వచ్చింది. ష్లుట్స్‌క్రాప్ఫెన్ తెచ్చింది. అచ్చం కజ్జికాయల్లా మడిచి ఉడకబెట్టినవి, లోపల పాలకూర, మెత్తటి జున్ను, పైన కరిగిన వెన్న. మామూలుగా పిండిలో గుడ్డు వేస్తారట, ఆ పూటవి వేయనివని చెప్పింది. ప్లేటు 14.50. చీజ్ తురుము విడిగా గిన్నెలో పెట్టింది, వద్దంటే తీసుకెళ్లింది. అత్తయ్య రెండో ప్లేటు అడిగింది! మావయ్య సిల్వానర్ అనే తెల్ల ద్రాక్షసారా ఒక గ్లాసు తాగారు, 4.80, అత్తయ్య చూడనట్టు ఊరుకుంది. నాలుగు యూరోలు టిప్ పెడితే ఆవిడ బయటిదాకా వచ్చి బస్‌స్టాప్ చూపించింది.

దగ్గర్లోనే నొయ్‌స్టిఫ్ట్ మఠం, 1142 నాటిది, సొంత ద్రాక్షతోటలతో ఉంది. నడిచి వెళ్లొచ్చు, కానీ మోకాళ్లు సహకరించకపోతే బస్సే మేలు.

సులేమాన్ వియన్నాలో 1553 డిసెంబరులోనే చచ్చిపోయింది. దాని ఎముకలతో చేసిన కుర్చీ ఆస్ట్రియాలో క్రెమ్స్‌మున్‌స్టర్ మఠంలో ఉందని చదివి చెప్పాను. "వచ్చేసారి అది చూద్దాం," అన్నారు మావయ్య. "పాపం మూగజీవం ఎముకల మీద కూర్చోవడమేంటండీ, నేను రాను," అంది అత్తయ్య. రైల్లో మ్యూనిక్ దాకా అదే వాదన.