ఓఎల్ 24 వైట్ పీక్ మ్యాప్: ఒక సర్వేయరు సమీక్ష

వరంగల్ జిల్లాలో సర్వేయరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన నాకు, ఏ ఊరికి వెళ్లినా ముందు ఆ ఊరి నక్ష చూడడం అలవాటు. అందువల్ల ఇంగ్లండులోని డెర్బీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి మే నెలలో వెళ్లినప్పుడు, పక్కనే ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండ ప్రాంతపు పల్లెలు తిరగడానికి నేను మొదట కొన్న వస్తువు, బ్రిటన్ జాతీయ నక్షలు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ ఎక్స్‌ప్లోరర్ శ్రేణిలో ముద్రించే ఓఎల్ 24, వైట్ పీక్ మ్యాపు. "బాపూ, ఫోన్ల అన్నీ ఉండంగ ఈ కాగితమెందుకు?" అని అమ్మాయి అడిగింది. పది రోజుల పాటు ఆ కాగితం చేతబట్టుకొని నడిచి, సైకిలు తొక్కి, హనుమకొండకు తిరిగి వచ్చాక ఆమె ప్రశ్నకు జవాబుగానే ఈ సమీక్ష రాస్తున్నాను.

మ్యాపు 1:25,000 స్కేలులో ఉంటుంది. అంటే కాగితం మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. నీలి గీతలతో గీసిన ఒక్కో గడి ఒక చదరపు కిలోమీటరు, మన లెక్కలో దాదాపు 247 ఎకరాలు. ఆ గడిలో ప్రతి పొలం సరిహద్దూ సన్నని నల్లగీతగా కనిపిస్తుంది. మనకు గెట్లు ఎలాగో అక్కడ సున్నపురాతి గోడలు అలాగ. మట్టీ సున్నమూ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆ గోడల మధ్య నిలబడి, నేను ఏ పొలంలో ఉన్నానో గోడ మలుపును బట్టి గుర్తుపట్టగలిగాను. టీపన్ (పొలం కొలతల చిత్తుపటం) పట్టుకొని గొలుసు లాగిన రోజులు గుర్తుకు వచ్చాయి. ఈ మ్యాపు ముద్రించే ఆర్డ్‌నెన్స్ సర్వే 1791లో సైనిక అవసరాల కోసం మొదలైన సంస్థ. మన దేశంలో విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1802లో మద్రాసు దగ్గర ప్రారంభించిన త్రికోణ సర్వే కూడా ఆ కాలపు విద్యే. గీతలోని ఆ శ్రద్ధ ఇప్పటికీ తగ్గలేదని ఈ మ్యాపు చూస్తే తెలుస్తుంది.

అయితే ఈ మ్యాపుకు నేను ఇంత విలువ ఇవ్వడానికి అసలు కారణం దాని మీది ఆకుపచ్చ గీతలు. మన ప్రాంతంలో 'నక్ష బాట' అనే మాట ఎంత బరువైనదో వ్యవసాయం చేసే ప్రతి కుటుంబానికీ తెలుసు. గ్రామ నక్షలో బండ్ల బాట రెండు చుక్కల వరుసలుగా, కాలిబాట ఒకే వరుసగా ఉంటుంది. కాని ఆ నక్ష కార్యాలయంలో ఉంటుంది, తగాదా వచ్చినప్పుడే బయటికి వస్తుంది, అప్పటికి బాట సగం దున్నేసి ఉంటుంది. నా ఉద్యోగ కాలంలో ఎన్ని పంచాయితీలు ఆ చుక్కల చుట్టే తిరిగాయో లెక్క లేదు. ఇంగ్లండులో మాత్రం ప్రజలకు నడిచే హక్కు ఉన్న ప్రతి బాటనూ ఆకుపచ్చ రంగులో అచ్చువేసి, దుకాణంలో ఎవరికైనా అమ్ముతున్నారు. పొట్టి గీతల వరుస అయితే నడిచేవారికి మాత్రమే; పొడుగు గీతల వరుస అయితే గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. నల్లని తెగిన గీతల బాటలు కూడా ఉంటాయి గాని, అలాంటి బాట మ్యాపులో ఉన్నంత మాత్రాన దాని మీద హక్కు ఉన్నట్టు కాదని సూచికలో స్పష్టంగా రాశారు. ఆ ఒక్క వాక్యం రాసిన సర్వేయరుకు నేను నమస్కరిస్తాను.

ఈ హక్కు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి వందల మంది కార్మికులు, యువకులు భూస్వాముల కాపలాదారులను ఎదిరించి నడిచారు. వారిలో కొందరు జైలుకు వెళ్లారు. తరువాత 1949లో వచ్చిన చట్టం ప్రకారం స్థానిక సంస్థలు బాటలన్నింటికీ అధికారిక నక్షలు తయారుచేయవలసి వచ్చింది. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనం అయింది. మ్యాపు మీద ఆకుపచ్చ గీతను వేలితో తడిమినప్పుడల్లా నాకు ఆ నడక గుర్తుకు వచ్చేది.

రెండో రోజు నేను ఒక పొరపాటు చేశాను. పొట్టి గీతల బాటను పొడుగు గీతలుగా చదివి దాని మీదికి సైకిలు దింపాను. ఎదురుగా కుక్కతో నడిచి వస్తున్న ఒక పెద్దమనిషి, ఇది కాలిబాట అని మర్యాదగా చెప్పారు. కళ్లజోడు పెట్టుకొని మళ్లీ చూస్తే తప్పు నాదే. ఈ రెండు రకాల గీతల మధ్య తేడా ఎండలో, కదులుతున్నప్పుడు అంత సులభంగా కనిపించదు కాబట్టి, సైకిలు మీద వెళ్లేవారు బయలుదేరే ముందే ఇంట్లో బల్ల మీద పరచి చూసుకోవాలి.

సైకిలుకు అన్నిటికంటే హాయి అయినది టిస్సింగ్టన్ ట్రెయిల్. పార్స్‌లీ హే నుంచి ఆష్‌బోర్న్ వరకు 13 మైళ్లు. 1899లో తెరిచి 1960లలో మూసేసిన రైలు మార్గాన్ని 1971లో ఈ బాటగా మార్చారు. పట్టాలు లేకపోయినా కట్ట ఎక్కడ పోశారో, గుట్టను ఎక్కడ కోశారో మ్యాపు మీది చిన్న చిన్న అడ్డగీతలు చెబుతాయి. ఆష్‌బోర్న్ వైపు దిగుడు, తిరుగు ప్రయాణం ఎక్కుడు. బలం దాచుకోవడం మంచిది.

దారిలో టిస్సింగ్టన్ అనే చిన్న ఊరు ఉంది. నా అదృష్టం కొద్దీ అక్కడ బావులను అలంకరించే వారం అది. ఏసుక్రీస్తు స్వర్గారోహణ పండుగ నాడు మొదలయ్యే ఆచారం. పెద్ద చెక్క పలకల మీద తడి బంకమట్టి మెత్తి, అందులో పూల రేకులను ఒక్కొక్కటిగా అద్ది బొమ్మ తయారుచేసి, ఊటబావి ముందు నిలబెడతారు. దగ్గరికి వంగి చూశాను. ఒక రేకు అంచు మీదికి ఇంకొక రేకు వచ్చేలా, మన గూనపెంకులు కప్పినట్టు, కింది నుంచి పైకి అద్దారు. వాన పడితే నీరు జారిపోవాలని. తంగేడు, గునుగు పూలను వరుస మీద వరుసగా పేర్చి బతుకమ్మను చెరువుకు తీసుకుపోయే ఊరి నుంచి వచ్చిన నాకు, నీళ్ల దగ్గర పూలు పెట్టే మనుషులు ఇక్కడా ఉన్నారని చూసి కళ్లు చెమర్చాయి. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

పురాతన స్థలాల పేర్లను ఈ మ్యాపులో అలంకారమైన పాతకాలపు అక్షరాలతో ముద్రిస్తారు. అలా కనిపించిన ఒక పేరు చూసి 'ఆర్బర్ లో' (Arbor Low) అనే చోటికి వెళ్లాను. మట్టికట్ట, దాని లోపల కందకం, నడుమ యాభైకి దగ్గరగా సున్నపురాతి బండలు. దాదాపు అన్నీ నేల మీద పడుకొని ఉన్నాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన నిర్మాణం. ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో దామరవాయి రాక్షసగుళ్ల (పురాతన రాతి సమాధుల) మధ్య నిలబడినప్పుడు కలిగే నిశ్శబ్దమే ఇక్కడా కలిగింది. దామరవాయికి కూడా ఇలాంటి మ్యాపు ఒకటి ఉండి, కాలిబాట స్పష్టంగా గీసి ఉంటే ఎంత బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

క్రామ్‌ఫర్డ్‌లో 1771లో ఆర్క్‌రైట్ నీటి బలంతో నడిపిన నూలు మిల్లును కూడా మ్యాపు సాయంతో, కాలువ గట్టు వెంబడి నడిచి చేరుకున్నాను. ఒకప్పుడు ఆజంజాహి బట్టల మిల్లు నడిచిన వరంగల్ వారికి ఆ గోడలు పరాయివిగా అనిపించవు.

లోపాలు కూడా చెప్పాలి. మ్యాపు రెండు వైపులా ముద్రించినది, చాలా పెద్దది; గాలిలో విప్పితే ఒక మనిషి చేతులు చాలవు. మామూలు కాగితం ప్రతి ఆ దేశపు వానకు ఆగదు, మడతల దగ్గర మెత్తబడుతుంది. అక్షరాలు మరీ చిన్నవి. గోడలను దాటే చోట్లు మ్యాపులో చూపరు. కొన్ని చోట్ల రాతి మెట్లు ఎక్కాలి, కొన్ని చోట్ల మనిషి కాలు పట్టేంత సందులో నుంచి దూరాలి. పశువులు దాటకుండా అది మంచి ఉపాయమే గాని, మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి ముందే తెలియడం అవసరం. మ్యాపుతో పాటు ఇచ్చే కోడ్‌తో అదే మ్యాపును ఫోన్‌లోకి దించుకోవచ్చు. సిగ్నల్ అందని లోయల్లో అది ఆదుకుంటుంది. అయినా రెండు లోయలు, వాటి మధ్య గుట్ట, అవతలి ఊరు ఒకేసారి కనిపించడం కాగితం మీదే సాధ్యం. మూడో రోజు నుంచి అమ్మాయి కూడా ఫోన్ జేబులో పెట్టి మ్యాపు అంచు పట్టుకొని నడిచింది.

పిల్లల దగ్గరికి డెర్బీ, నాటింగ్‌హామ్, షెఫీల్డ్ వెళ్లే మన పెద్దవాళ్లు నాలుగు గోడల మధ్య విసిగిపోకుండా ఈ మ్యాపు కొనుక్కోవాలని నా సలహా. బరువు కొంచెం ఎక్కువైనా ప్లాస్టిక్ పూత ఉన్న ప్రతి తీసుకోవడమే మేలు. వచ్చే ఏడు నేను కూడా అదే కొంటాను, దానితో పాటు ఓఎల్ 1 కూడా. కిండర్ స్కౌట్ ఉన్నది అందులోనే.