స్తంభం పగలక ముందు: అహోబిలంలో రెండు రోజులు

చిన్నప్పుడు ప్రహ్లాదుడి కథ ఎన్నిసార్లు విన్నా, నాకు ఒళ్లు జలదరించేది నరసింహస్వామి వచ్చినప్పుడు కాదు, అంతకు ఒక్క క్షణం ముందు. తండ్రి కత్తి దూసి నిలబడ్డాడు. ఏనుగులతో తొక్కించాడు, పాములతో కరిపించాడు, కొండ మీంచి తోయించాడు, విషం పెట్టించాడు. ఏదీ పనిచేయలేదు. గురువుల ఇంట్లో వరుణపాశాలతో కట్టి ఉంచితే, ఆ పిల్లాడు తోటి రాక్షస పిల్లలకే హరిభక్తి నేర్పాడు. ఇక తనే తల నరుకుతానని వచ్చి "ఈ స్తంభంలో ఉన్నాడా నీ హరి?" అని అడిగాడు. ఐదేళ్ల వాడు "ఉన్నాడు" అన్నాడు. ఆ మాట అనేటప్పటికి స్తంభం ఇంకా పగల్లేదు. ఎదురుగా ఉన్నదేమో మనిషి వల్లా మృగం వల్లా, పగలూ రాత్రీ, ఇంట్లోనూ బయటా చావు లేకుండా వరం పొందినవాడు.

ఆ మాట పలికిన చోటు అని చెప్పుకునే కొండను చూడాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. మార్గశిరంలో అమ్మనీ, తొమ్మిదో తరగతి చదువుతున్న అక్క కొడుకునీ వెంటబెట్టుకుని అహోబిలం వెళ్లొచ్చాను. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, ఎక్కడ ఏం బాగుందో, ఏం బాగా లేదో రాస్తున్నాను.

అహోబిలం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది, 2022 దాకా కర్నూలు జిల్లా. హైదరాబాద్ నుంచి కడప వైపు వెళ్లే రాత్రి బస్సు ఎక్కి తెల్లవారుజామున ఆళ్లగడ్డలో దిగాం. అక్కడి నుంచి దిగువ అహోబిలానికి ఆర్టీసీ బస్సులున్నాయి, గంటలోపే చేరిపోతాం. ఆటోవాళ్లు చుట్టుముడతారు గానీ తొందర పడొద్దు. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరున్న ఊరు. బస్సు కిటికీలోంచి రోడ్డు పక్కన సగం చెక్కిన దేవతా విగ్రహాలు వరసగా కనిపిస్తుంటే మావాడు నిద్ర మత్తు వదిలి చూస్తూ కూర్చున్నాడు.

బస సంగతి. ఫోన్లో మాట్లాడి ఒక ప్రైవేటు లాడ్జిలో గది తీసుకున్నాం. అది పొరపాటు. వేడినీళ్లు వస్తాయన్నారు, గీజరు పనిచేయలేదు. అడిగితే "నిన్నటి దాకా బాగానే ఉందమ్మా" అన్నారు. దుప్పట్లు మార్చమని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అరవై ఆరేళ్ల అమ్మ డిసెంబరు చలిలో చన్నీళ్ల స్నానం చేయడం చూసి నాకు చాలా బాధేసింది. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు కాబట్టి ఆ రాత్రి అక్కడే గడిపి, మర్నాడు ఇక్కడి అహోబిల మఠం వాళ్ల గదికి మారాం. టీవీ లేదు, మంచం గట్టిగా ఉంది, అంతే. నేల శుభ్రంగా ఉంది, బాత్రూం శుభ్రంగా ఉంది, పొద్దున్నే బకెట్‌తో వేడినీళ్లు ఇచ్చారు. పర్యాటక శాఖ హరిత హోటల్ కూడా ఇక్కడే ఉంది, మేం వెళ్లినప్పుడు గదులు ఖాళీ లేవు. మళ్లీ వెళితే ముందు మఠానికే ఫోన్ చేస్తాను. శనాదివారాలూ స్వాతి నక్షత్రం రోజులూ అయితే ఇంకా ముందుగానే అడగాలి.

మొదటి రోజు దిగువనే ఉన్నాం. ఇక్కడి లక్ష్మీనరసింహుణ్ని ప్రహ్లాదవరదుడు అంటారు. విజయనగర కాలపు మండపాలు, స్తంభాలు. అర్చన టికెట్ తీసుకున్నవాళ్లు దర్శనం అవగానే వెళ్లిపోతుంటారు, స్తంభాల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. మీరు ఆగండి. ఒక స్తంభం మీద స్వామి రాక్షసుణ్ని తొడ మీద పడుకోబెట్టుకుని చీలుస్తున్నాడు. పక్కన జానెడు ఎత్తున పిల్లాడు చేతులు జోడించి ఉన్నాడు. ముఖం అరిగిపోయింది, ముక్కూ కళ్లూ ఏమీ తెలియవు. చేతులు మాత్రం వేళ్లతో సహా స్పష్టంగా ఉన్నాయి. నేను చాలాసేపు ఆ చేతులే చూశాను.

మధ్యాహ్నం గుడి మూసేస్తారు. సత్రంలో భోజనం చేశాం. అన్నం, పప్పు, చారు, మజ్జిగ, వేడివేడిగా ఉన్నాయి. సాయంత్రం ఆటోలో యోగానంద, ఛత్రవట నరసింహుల గుళ్లకు వెళ్లొచ్చాం. రెండూ రోడ్డు పక్కనే, నడవలేని పెద్దవాళ్లకు సులువు. ఇక్కడి తొమ్మిది నరసింహ గుళ్లూ చూసి తీరాలని పట్టు పట్టేవాళ్లుంటారు. పావన నరసింహుడి గుడికి అడవి దారిలో జీపులో వెళ్లాలి. ఆ కుదుపులకు అమ్మ నడుము తట్టుకోదని వదిలేశాం. దానికి నాకేం వెలితి లేదు. నేను వచ్చింది లెక్క పూర్తి చేయడానికి కాదు.

రెండో రోజు తెల్లవారకముందే లేచి, ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని ఎగువ అహోబిలం చేరాం. గుడి దగ్గర కర్రలు అమ్ముతారు, ఇరవై రూపాయలకు ఒకటి తీసుకోండి. దిగేటప్పుడు మోకాళ్లకు అదే ఆసరా, కోతులకూ అదే మందు. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపించిందా, కోతులు లాక్కుపోతాయి. పైకి వెళ్లాక ఫోన్ సిగ్నల్ ఉండదు, చిల్లర డబ్బులు దగ్గర పెట్టుకోండి. డోలీలు ఉన్నాయి. అమ్మను అందులో తీసుకెళ్దామనుకుంటే "మనుషులు మోస్తుంటే నేను కూర్చోవడమా, నావల్ల కాదు" అని ఎగువ గుడి మండపంలోనే ఉండిపోయింది. మేమిద్దరం ఒక గైడ్‌ను మాట్లాడుకుని బయల్దేరాం. జ్వాలా నరసింహుడి గుడి దాకా గైడ్ లేకపోయినా ఫరవాలేదు, జనం వెనకే పోవచ్చు. కొండ శిఖరం మీదున్న ఉగ్రస్తంభానికి మాత్రం దారి తెలియకుండా వెళ్లొద్దు. ఎంత తీసుకుంటారో, ఎక్కడెక్కడికి తీసుకెళ్తారో బయల్దేరే ముందే తేల్చుకోండి.

దారంతా భవనాశిని వాగు పక్కనే. బండల మధ్య నీళ్లు, రెండు వైపులా నల్లమల. వరాహ నరసింహుడి గుడి దాటాక ఎక్కుడు మొదలవుతుంది. జ్వాలా నరసింహుడి గుడి కొండ చరియకు అతుక్కుని ఉంటుంది. హిరణ్యకశిపుణ్ని సంహరించింది ఇక్కడేనంటారు. ఎనిమిది చేతుల మూర్తి. ఆ పక్కనే స్తంభంలోంచి బయటికి వస్తున్న స్వామి. దగ్గర్లో రక్తగుండం, స్వామి చేతులు కడుక్కున్న చోటు. పై నుంచి పడే నీటిధార కింద అందరూ తడిసి ఫొటోలు దిగుతున్నారు.

అక్కడి నుంచి ఉగ్రస్తంభం. మెట్లు లేవు, బండలు పట్టుకుని పాకాలి. మాకు వెళ్లి రావడానికి రెండున్నర గంటలు పట్టింది. పైకి చేరేసరికి కొండ నిట్టనిలువునా చీలి, ఒక ముక్క విడిగా నిలబడినట్టు ఉంది. స్వామి వెలువడిన స్తంభం ఇదేనంటారు. పైన పాదుకలు, ఒక జెండా. నిలబడే చోటు చాలా తక్కువ, గాలి విపరీతం. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కిందికి చూడకుండా అడిగాడు: "పిన్నీ, స్తంభంలోంచి ఎవరూ రాకపోయుంటే?"

నేను జవాబు చెప్పలేకపోయాను. గైడ్ "రాకపోవడం ఏంటి బాబూ, ఇదిగో చీలింది కదా" అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. చీలిన రాయి ముందు నిలబడినవాళ్లకు అనుమానమే రాదు. అందుకేనేమో, అంత కష్టపడి ఎక్కినా అక్కడ నేను వెతుక్కుంటూ వచ్చింది దొరకలేదు. ఆ శిఖరం స్వామిది. మాట అన్న పిల్లాడు అక్కడ కనిపించలేదు.

వాడు దొరికింది దిగేటప్పుడు. మాలోల నరసింహుడి గుడి దగ్గర్లో ప్రహ్లాద బడి అనే గుహ ఉంది. గురువులు వాడికి చదువు చెప్పింది అక్కడేనంటారు. పెద్ద బండ కింద వంగి కూర్చునేంత చోటు, లోపల చిన్న నరసింహ విగ్రహం. పైనుంచి నీళ్లు ఒక్కో చుక్కా రాలుతూనే ఉన్నాయి. చుక్క పడిన చోట రాయి నున్నగా, వేలు పెడితే జారేలా ఉంది. బండ మీద గీతలున్నాయి, ప్రహ్లాదుడి రాతలంటారు. నేను వాటి మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. తండ్రికి అనుకూలంగా పాఠం అప్పజెప్పి ఉంటే వాడికి ఏ బాధా ఉండేది కాదు. రాజ్యమంతా అలాగే బతుకుతోంది, దేవతలే నోరెత్తలేదు. అప్పజెప్పమన్నప్పుడల్లా వాడు హరి పేరే చెప్పాడు. స్తంభం దగ్గర ఒక్కసారిగా వచ్చిన ధైర్యం కాదది. ఇలాంటి ఇరుకు చోట, రోజూ అదే పలక ముందు కూర్చుని గట్టిపడిన మాట. దారి పొడుగునా కబుర్లు చెప్పిన మావాడు గుహలో ఒక్క మాట మాట్లాడలేదు.

ఒంట్లో ఓపిక ఉండి, ఎత్తులంటే భయం లేకపోతే ఉగ్రస్తంభం వెళ్లండి. వానాకాలంలో వద్దు, బండలు జారతాయి. రెంటిలో ఒకటే చూడగలిగితే మాత్రం నేను ప్రహ్లాద బడికే వెళ్లమంటాను. చాలామంది గైడ్‌లు టైం లేదని దాన్ని దాటించేస్తారు, బేరం మాట్లాడేటప్పుడే ఆ పేరు చెప్పి ఒప్పించుకోండి.

మేం దిగి వచ్చేసరికి అమ్మ మండపంలో పులిహోర పొట్లం విప్పకుండా మా కోసం ఎదురుచూస్తోంది. "స్తంభం చూశారా?" అని అడిగి, మేం చెప్పబోయేలోపే తన సంగతి మొదలుపెట్టింది. ఈ ఎగువ గుడి గుహలో స్వామి హిరణ్యకశిపుణ్ని చీలుస్తూ ఉంటాడు. ఎదురుగా ప్రహ్లాదుడు. చీకట్లో మొదటిసారి అమ్మకు పిల్లాడు కనిపించలేదట. రెండోసారి వెళ్లినా కనిపించలేదు. మూడోసారి పూజారి గారితో "ఆ పిల్లాణ్ని చూపించండి నాయనా" అందట. ఆయన హారతి పళ్లెం కిందికి దించి, ప్రహ్లాదుడి దగ్గర కాసేపు ఆపి చూపించారట.

"కళ్లు తెరిచే ఉన్నాడే," అంది అమ్మ. "అంత జరుగుతుంటే ఏ పిల్లాడైనా కళ్లు మూసుకోడూ?"

గుడి మూసే వేళ దగ్గర పడింది. మావాడు తింటున్న పులిహోర నా చేతిలో పెట్టి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, చెప్పులు విడిచి లోపలికి పరిగెత్తాడు.