క్విక్‌లుక్‌తో ఆరేళ్లు

చెన్నై రాయపేటలో మాది శుభలేఖల డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, నేను, ఒక తమిళ కుర్రాడు. సగం పని తెలుగులోనే. ఇక్కడి తెలుగువాళ్లే కాదు, నెల్లూరు నుంచి కూడా వస్తుంటారు. "పోయినేడు మా అక్క కూతురి పెళ్లికి కొట్టించాం చూడండి, అచ్చం అలాంటిదే కావాలి" అంటారు. ఆ కార్డేమో 'ఫైనల్', 'ఫైనల్ 2', 'లాస్ట్ ఫైనల్ ఓకే' అని పేర్లున్న పీడీఎఫ్‌ల గుట్టలో ఎక్కడో ఉంటుంది. ఒక్కోటీ తెరిచి మూస్తుంటే ఎదురుగా ఉన్నాయన వాచీ చూసుకోవడం, నాకు టెన్షన్.

2019లో ఒక డిజైనర్ మిత్రుడి మ్యాక్‌లో చూశాను. ఫైలును ఎంచుకుని స్పేస్‌బార్ నొక్కాడు, లోపలున్నది కనబడింది. మళ్లీ నొక్కాడు, మాయమైంది. మ్యాక్‌లో ఇది 2007 నుంచీ ఉంది. విండోస్‌లో అదే పని చేసే క్విక్‌లుక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ రాత్రే వేసుకున్నా. మొదట మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తీసుకున్నాను. అది ఫైల్ ఓపెన్, సేవ్ చేసే పెట్టెల్లో పనిచేయదు. తీసేసి, ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములు పెట్టే గిట్‌హబ్ సైట్‌లోది వేశాను.

ఇప్పుడు ఫోల్డర్ తెరిచి, మొదటి ఫైలు మీద క్లిక్ చేసి స్పేస్ కొడతాను. తర్వాత కింది బాణం నొక్కుతూ పోవడమే. పసుపు రంగు వినాయకుడు, మెరూన్ రంగు వెంకన్న, అరటిచెట్ల పందిరి ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. "ఆగండాగండి, అదే!" అని కస్టమరే అరుస్తాడు. ఎంటర్ కొడితే ఆ ఫైలు దాని ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటుంది.

ఎంచుకున్న ఫైలును ఫోల్డర్‌లోనే కుడిపక్కన చూపించే ప్రివ్యూ పేన్ విండోస్‌లో ఎలాగూ ఉంది కదా అంటారేమో. ఆల్ట్, పీ నొక్కితే వస్తుంది, వాడాను. మా చిన్న స్క్రీన్‌లో చాలా చోటు తినేస్తుంది. అందులో కనబడుతున్న వర్డ్ ఫైలుకి పేరు మార్చబోతే, వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందంటూ మొండికేసేది. 2025 అక్టోబర్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత నెట్ నుంచి దిగిన ఫైళ్లను ఆ పేన్ చూపించడమే మానేసింది. అలాంటి ఫైళ్లను ప్రివ్యూ చేసినా పాస్‌వర్డ్ వివరాలు బయటికి పోయే వీలుందని ఆపారు. కారణం న్యాయమైనదే. కానీ మాకొచ్చేవన్నీ మెయిల్లో, వాట్సాప్ వెబ్‌లో దిగినవే. ఒక్కోదానికీ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ కొట్టే ఓపిక ఎవరికుంది?

రెండో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత పనిముట్ల సెట్టు పవర్‌టాయ్స్‌లోని పీక్ వేశాను, అదీ ఇదే పని చేస్తుంది. బాగానే ఉంది, కాకపోతే నేను వేసినప్పుడు కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కాల్సి వచ్చేది. కుర్రాడికి అదే అలవాటైంది.

మా పనిలో అసలు చిక్కు పాత సరుకుతో. పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో చేసిన పీఎండీ ఫైళ్లు మా దగ్గర బోలెడు. వాటి మీద స్పేస్ కొడితే పేరు, సైజు, తేదీ తప్ప ఏమీ రాదు. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో అతికించి పంపితే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. అది క్విక్‌లుక్ తప్పు కాదు. అను అక్షరాలు ఫాంట్ ఉంటేనే తెలుగు, టెక్స్ట్ ఫైలులో ఫాంట్ నిలవదు. వందల ఎంబీల ఫోటోషాప్ ఫైలు (పీఎస్‌డీ) అయితే కాసేపు ఆగాలి.

వెతకడానికి ఇంతకంటే సుఖమైనది నేను చూడలేదు. సరిచూడటానికి మాత్రం వాడను. ఒకసారి ఒక పార్టీ ముహూర్తం 9.42 కాదు, 10.24 అని దిద్దించారు. పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉన్నాయి. స్పేస్ కొట్టాను, మొదటి పేజీ చూశాను, రెండింటికీ అదొకటే. ఇదేలే అని ప్రెస్సుకి పంపాను. పక్కన లోపలి పేజీ చిన్న బొమ్మగా కనబడుతూనే ఉంది, నేనే కిందికి జరపలేదు. 300 కార్డులు మళ్లీ నా ఖర్చుతో కొట్టించాను. పాతవాటి వెనకవైపు ఇప్పటికీ కొటేషన్లు రాసిస్తున్నాం.