నల్లరేగడిలో 9,500 పౌండ్ల వించ్: అయిదు వానాకాలాల వాడకం

వించ్ అంటే దిగబడిన బండిని రోప్‌తో లాగే మోటారు డ్రమ్ము. పెట్టె మీద రాసున్న దీని శక్తి 9,500 పౌండ్లు, అంటే సుమారు 4,300 కిలోలు. డీజిల్ మహీంద్రా థార్ జీపు (మాన్యువల్ గేరు)కి ముందు బంపర్ వెనక బిగించి అయిదు వానాకాలాలు వాడాక తేలింది ఇది: గుంటూరు జిల్లా తాడికొండ, ప్రత్తిపాడు వైపు డొంకల్లో ఆ అంకెనొక్కదాన్నే నమ్ముకుని దిగితే పని సగంలో ఆగిపోతుంది. ఒక కప్పీ, ఒక మంచి పార తోడుంటే ట్రాక్టరును కూడా ధైర్యంగా పట్టుకోవచ్చు.

ముందు లెక్క చూడండి. ఆ 4,300 కిలోలు డ్రమ్ము మీద మొదటి పొర మాత్రమే మిగిలి, రోప్ దాదాపు అంతా బయట ఉన్నప్పటి మాట. పొర మీద పొర చుట్టుకునే కొద్దీ డ్రమ్ము లావై లాగుడు తగ్గుతుంది. నాలుగో పొరకొచ్చేసరికి నలభై శాతం దాకా పోతుంది. అందుకే దిగబడిన బండికి మరీ దగ్గరగా వచ్చి ఆపకండి, ఇరవై మీటర్ల దూరంలో ఆపండి. రోప్ మొత్తం విప్పేయడం కూడా తప్పే. స్టీలు రోప్ అయితే కనీసం అయిదు చుట్లు, సింథటిక్ అయితే ఎనిమిది నుంచి పది చుట్లు డ్రమ్ము మీద ఉండాలి. పట్టు ఆ చుట్ల రాపిడి వల్లే వస్తుంది. చివర బిగించిన స్క్రూ బరువు మోయడానికి పెట్టింది కాదు.

ఇక అవతలి బండి. చక్రాల లోతున దిగితే లాగాల్సింది బండి బరువంత, మడ్‌గార్డుల దాకా దిగితే రెండింతలు, బానెట్ దాకా అయితే మూడింతలు అనుకోవాలి. ఈ బరువులో లోపలి సరుకు కూడా కలపాలి. రెండు టన్నుల ట్రాక్టరు మడ్‌గార్డుల దాకా కూరుకుపోయిందంటే నాలుగు టన్నులు. వించ్ శక్తి అక్కడికి సరి, చేతిలో మిగులు లేదు.

కప్పీ అవసరం ఇక్కడే. రోప్‌ను దిగబడిన బండికి కట్టిన కప్పీలోంచి తిప్పి, కొస తెచ్చి మన బండి ఛాసిస్ హుక్కుకే తగిలిస్తే లాగుడు ఇంచుమించు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. మోటారు మీద భారం కూడా సగమే. నా మాటగా తీసుకుంటే, కప్పీ లేకుండా వించ్ కొనకండి. డబ్బు సరిపోకపోతే చిన్న వించ్ కొని కప్పీ తెచ్చుకోండి. దాన్ని తగిలించే డీ షాకిల్ (పిన్నుతో మూసే డీ ఆకారపు ఇనుప కొండీ) 4.75 టన్నులది. పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పాలి, లేకపోతే లోడు పడ్డాక సుత్తితో కొట్టినా రాదు.

రేగడికి ఇంకో గుణం ఉంది. తడిసిన మట్టి బండి అడుగును జిగురులా పట్టుకుంటుంది, కిందికి గాలి పోదు. అందుకే మొదటి జానెడు కదలడానికే ఎక్కువ శక్తి పడుతుంది. రోప్ తగిలించక ముందే పార తీయాలి. ప్రతి చక్రం ముందు మూరెడు వాలుగా తవ్వాలి, ఇరుసు కింద, పొట్ట కింద మట్టి తోడాలి, పక్కల నుంచి గునపంతో పొడిచి గాలి పోనివ్వాలి. ఇరవై నిమిషాల చాకిరీ. అది చేశాక అదే బండి సగం కరెంటుకే కదులుతుంది. చాలామంది ఇది వదిలేసి బటన్ నొక్కుతారు, హుక్కులు విరిగేది అప్పుడే. వీలైనంతవరకు వచ్చిన దారినే వెనక్కి లాగండి, ఆ గాడి ఇప్పటికే అణిగి ఉంటుంది.

కొల్లిపర లంకల ఇసుకలో సంగతి వేరు. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించి, 4ఎల్‌లో, అంటే నాలుగు చక్రాలకీ తక్కువ వేగంతో ఎక్కువ బలం అందే పద్ధతిలో, రెండో గేరు వేసి మెల్లగా కదిపితే చాలాసార్లు రోప్ విప్పే పనే ఉండదు. 15కి దించితే మాత్రం స్టీరింగ్ గట్టిగా తిప్పొద్దు, టైరు రిమ్ము వదిలేస్తుంది.

మన బండి జారకుండా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. 4ఎల్‌లో పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగండి. ముందు, వెనక షాఫ్టులు కలిసి లాక్ అవుతాయి కాబట్టి వెనక బ్రేకే ముందు ఇరుసునూ ఆపుతుంది. నాలుగు చక్రాలకీ చెక్క దిమ్మలు పెట్టండి. అయినా జారుతుంటే వెనక హుక్కును చింత లేదా వేప మొదలుకు, నేలకు దగ్గరగా, మూడంగుళాల వెడల్పు పట్టీతో కట్టండి. కొబ్బరి చెట్టుకు వద్దు. దాని వేళ్ళు పీచువేళ్ళు, తడి గట్టు మీద చెట్టే వచ్చేస్తుంది.

రోప్ తెగితే ఎగిరి మీదికి రాకుండా దాని మధ్యలో తడి గోనె సంచి వేయండి, బానెట్ ఎత్తి పెట్టండి. రోప్ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో మనిషి ఉండకూడదు. పల్లెల్లో జనం గుమిగూడతారు, వాళ్ళను జరిపేదాకా రిమోట్ ముట్టుకోవద్దు. ఎదుటి బండికి బంపరు, స్టీరింగ్ రాడ్డు, ఇరుసు పట్టుకోకండి. చిన్న కార్లకు బిగించే టోయింగ్ హుక్కు చదునైన రోడ్డు కోసం ఇచ్చింది, బురద బలానికి ఊడొస్తుంది.

కరెంటు విషయానికొస్తే, పూర్తి లోడులో మోటారు సుమారు 400 ఆంపియర్లు లాగుతుంది. అంటే నిమిషానికి దాదాపు ఏడు ఆంపియర్ అవర్లు. దీనికి 70 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఏ మూలకు? ఇంజన్ 1,200 ఆర్‌పీఎం పైన తిరగాలి, ఒక నిమిషం లాగి పది నిమిషాలు ఆగాలి. చిన్న వోల్ట్‌మీటర్ పెట్టుకుని, ముల్లు 11 వోల్టుల కిందికి దిగగానే ఆపేయండి.

లోపాలు. మూడో వానాకాలంలో కంట్రోల్ బాక్సులోకి నీళ్ళు పోయి కాంటాక్టులు తుప్పు పట్టాయి, బటన్ వదిలినా వించ్ ఆగలేదు. కంపెనీ ఇచ్చిన వైరింగ్‌లో కటాఫ్ స్విచ్ లేదు. మొదటి రోజే బ్యాటరీ దగ్గర ఒకటి వేయించుకోండి. బ్రేకు డ్రమ్ము లోపలే ఉంది, లోడుతో రోప్ వదిలితే డ్రమ్ము కాలిపోతుంది, సింథటిక్ రోప్‌కు ఆ వేడి పడదు. వదిలేటప్పుడు కొంచెం కొంచెంగా వదలాలి. స్టీలు రోప్‌తో ముందు బరువు నలభై కిలోల దాకా పెరిగి హెడ్‌లైట్లు కిందికి వాలాయి, మళ్ళీ సరిచేయించాల్సొచ్చింది.

బిగింపుకు విజయవాడ ఆటోనగర్‌లో ప్లేటు చేయించొచ్చు: 6 ఎంఎం, ఛాసిస్‌కే బోల్టులు, 8.8 గ్రేడుకు తక్కువ వద్దు. బుల్‌బార్ (బంపరు ముందు బిగించే ఇనుప కమ్మీల చట్రం) మాట ఎత్తకండి, కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది.

లోడున్న మిర్చి లారీ మాత్రం దీని పని కాదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించినా సరే, పది టన్నులు దాటితే జేసీబీనే పిలవాలి. పని అయ్యాక అదే రోజు రోప్ మొత్తం విప్పి మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, కొంచెం లోడు మీద చుట్టండి. వదులుగా చుడితే తర్వాతిసారి పై పొర కింది పొరల్లోకి దూరి ఇరుక్కుంటుంది.